కుండలో వాన

మొన్న ఆదివారం పొద్దున మదనపల్లెలో మా ఇంటి వరండాలో ఆంప్లిఫయర్ విప్పుకొని కూర్చున్నాను. ఉద్యోగం అయిపోయినవాళ్లలో కొందరు పూలమొక్కలు పెంచుతారు, కొందరు రక్తపోటు పెంచుకుంటారు. నేను శబ్దం పెంచుతాను. బాగానే పాడుతున్న పెట్టెను ఇంకా బాగా పాడించాలని విప్పడం, విప్పాక అది మూగబోవడం, దాని నోరు తెరిపించడానికి ఇంకేదో తెచ్చి అతికించడం, నా సంగీత సాధన మొత్తం ఇదే. మా ఇంట్లో పాడినవాటికంటే పాడైనవే ఎక్కువని మా ఆవిడ అంటుంది. నేను ఆ మాట చెవిన పెట్టను. ఆ చెవులు ఎప్పుడో స్పీకర్లకు రాసిచ్చేశాను.

సోల్డరింగ్ కడ్డీ వేడెక్కింది. సీసం తీగ కొసను పేస్టులో ముంచి తగిలించగానే, గుగ్గిలం లాంటి వాసనతో సన్నటి పొగ లేచింది. అంతే, గబుక్కున లేచి కిటికీ తెరవడానికి చెయ్యి చాపాను. వరండాకు కిటికీ ఎక్కడిది? చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఏమైంది?" అంది మా ఆవిడ లోపలినుంచి.

"పురుగులు," అన్నాను.

ఆవిడ చీపురు పట్టుకొని బయటికి వచ్చింది. "యాడ?"

యాడ అని చెప్పేది? ఆ పురుగులున్న ఇల్లు పడిపోయి చాలా ఏళ్లయింది.

మా ఊరు పుంగనూరుకూ చౌడేపల్లెకూ మధ్య ఉండేది. మా నాన్నకు కుప్పంలో ఉద్యోగం. అమ్మా నాన్నా అక్కడ ఒంటిగది ఇంట్లో ఉండేవారు. ఆ గదిలో నాకూ నా అల్లరికీ కలిపి చోటు చాలదని నన్ను నాన్నవాళ్లమ్మ దగ్గర వదిలి పుంగనూరు బడిలో వేశారు. ఇంట్లో అవ్వ, చిన్నాయన, చిన్నమ్మ, నేను, ఇంకా లెక్కకు అందనన్ని పట్టుపురుగులు.

పురుగుల ఇల్లు మా ఇంటికి ఆనుకొని పొడుగ్గా ఉండేది. వెదురు తట్టలు అరలు అరలుగా పేర్చిన స్టాండ్లు. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్లన్నీ నీళ్ల పళ్లేల్లో నిలబడి ఉండేవి. గుమ్మంలో సున్నం, లోపల తడి ఆకు వాసన, మూలల్లో ఎప్పుడూ చల్లటి చీకటి. అందులో కాలు పెట్టాలంటే ముందు అవ్వ ముక్కును దాటాలి. తలకు వాసన నూనె కూడదు. మొహానికి పౌడరు కూడదు. బీడీ తాగేవాళ్లు వాకిలి బయటినుంచే మాట్లాడి పోవాలి. పురుగులు ఉన్నన్నాళ్లూ వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు నిషేధం. రోజూ రాగిసంగటి, ఉత్త పప్పు, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. కమ్మగానే ఉండేది, కానీ ఇరవై ఎనిమిది రోజులు కమ్మగా ఉంటే మనిషికి కారం మీద ప్రేమ పుడుతుంది.

"ఇవి పురుగులు కావు, జమీందారు బిడ్డలు," అని చిన్నాయన సంగటి ముద్ద మింగుతూ గొణిగేవాడు. "మనం నోరు కట్టుకొని వాటిని మేపాల."

పురుగులు పెద్దవయ్యాక ఆకు తింటుంటే ఒక చప్పుడు వచ్చేది. దూరంగా చెట్లమీద సన్నటి వాన పడుతున్నట్టు ఉండేది. వానలకు మొహం వాచిన మా మెట్ట ఊర్లో, ఏడాదికి నాలుగైదుసార్లు చెప్పిన మాట ప్రకారం పడే వాన అదొక్కటే.

ఆ వానను వినడం అవ్వ పని. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండి పాత చర్మాన్ని వదులుతుంది. మా వైపు దాన్ని జ్వరం అంటారు. జ్వరంలో ఉన్నప్పుడు ఆకు వేస్తే ఆకు దండగ, దాని తేమకు కిందున్న పురుగు చెడిపోతుంది. జ్వరం లేచాక వెయ్యకపోతే ఆకలికి నీరసపడుతుంది. ఎప్పుడు లేచాయన్నదే కిటుకు. ఊర్లో అందరూ కళ్లతో చూసి చెప్పేవాళ్లు. అవ్వ కళ్లకు పొర కమ్మి చాలా కాలమే అయింది. దానికి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. తట్టల మధ్య తల వంచి నిలబడేది. లేచిన పురుగు పక్కనున్న వాడిన ఆకును కొరికి చూస్తే వచ్చే ఆ చిటుకు ఆమెకు అందేది. "ఆకు కొయ్యండి," అనేది. ఎప్పుడూ తప్పేది కాదు.

అప్పటికి ఊర్లో సగం మంది టమాటాకు మారిపోయారు. పొద్దున్నే మదనపల్లె మార్కెట్టుకు పోయే బండ్లమీద పెట్టెలు పెట్టెలుగా టమాటాలు. వాటిని చూసినప్పుడల్లా చిన్నాయన కళ్లు ఎర్రబడేవి.

"సూడుమా, నీ సెవులు నిజం సెప్పినన్నాళ్లు పురుగులు. ఒక్క పంట సెడినా మల్బరీ పీకి టమాటా పెడతా. మళ్లా ఏడిస్తే లాబం లేదు."

"పీకు నాయనా. ముందు నన్ను పీకి, తర్వాత దాన్ని పీకు," అనేది అవ్వ.

ఆ మల్బరీ తోట ఆమె నాటింది. తాత పోయిన ఏడాది, ఇద్దరు చిన్నపిల్లలను గట్టుమీద కూర్చోబెట్టి, కడవలతో నీళ్లు మోసి పెంచింది. ఆ పిల్లల్లో చిన్నవాడే ఇప్పుడు పీకుతానంటున్నాడు.

పదో తరగతి పరీక్షలు రాసిన వేసవి సెలవుల్లో నాకు శబ్దం పిచ్చి పట్టింది. పుంగనూరు బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే ఆయన అంగడి ఒకటి ఉండేది. ఆ అంగట్లో ఒక స్పీకరు మట్టికుండ మూతిమీద వెల్లకిలా కూర్చొని పాడుతుండేది. "కుండమీద పెడితే గుమ్మంటాదప్పా," అన్నాడాయన. ఆ ఒక్క గుమ్ము కోసం ఇంటికొచ్చి, చెడిపోయిన మా పాత రేడియోలోంచి స్పీకరు పీకి, పాడుతున్న చిన్న రేడియోకు తగిలించాను. అవ్వ రాగుల కుండ ఖాళీ చేశాను. రాగులను ఎక్కడ పొయ్యాలో తోచక తలదిండు గలీబులో పోసి మూతి కట్టాను. మధ్యాహ్నం కునుకు తీద్దామని తల వాల్చిన చిన్నమ్మ, "ఏందిది, రాళ్లు పెట్టిండారు!" అని అరవడంతో నా తొలి సంగీత కచేరీ మధ్యలో ఆగిపోయింది.

అవ్వ తిట్టలేదు. "నా రాగులు దిండులో, నీ పాట నా కుండలో. బాగుండాది యాపారం," అంది.

తర్వాత ఆ అంగట్లోనే ఆంప్లిఫయర్ బోర్డు ఒకటి, ఇంకో పాత స్పీకరు తెచ్చుకున్నాను. ఆశ పెరిగింది. ఎడమకొకటి, కుడికొకటి స్పీకర్లు కావాలి. పక్కింటివాళ్ల దొడ్లో పడేసిన టమాటా పెట్టెలు రెండు తెచ్చి, చెక్కల సందుల్లో మైదా జిగురుతో పాత పేపర్లు అతికించి, మధ్యలో గుండ్రంగా కోసి స్పీకర్లు బిగించాను. పాట మొదలుపెట్టగానే చెక్కలు వణికాయి. గాయకుడు పాడుతుంటే వెనకనుంచి ఎవరో దగ్గుతున్నట్టు ఉండేది. కాసేపటికి పెట్టె వేడెక్కి, దాని చెక్కల్లో ఇంకిపోయిన పాత పంట వాసన బయటికొచ్చింది. చిన్నాయన గడపలోనే ఆగి గాలి పీల్చాడు.

"అమ్మా! నేను తేలేనిది నీ మనవడు తెచ్చినాడు సూడు. ఇంట్లోకి టమాటా వచ్చేసింది!"

నాకు అవమానంగా అనిపించింది. ఆ వణుకు ఆపాలి, కొన్ని తీగలు మార్చి అతికించాలి. ఇంట్లో సోల్డరింగ్ కడ్డీ పట్టే పెద్ద ప్లగ్గు ఒక్కటే ఉండేది. చలికాలంలో హీటరు పెట్టడానికి వేయించిన ఆ ప్లగ్గు పురుగుల ఇంట్లో ఉంది.

ఆరోజు అవ్వ తోటలో ఉంది. చిన్నాయన పాలు పోసి రావడానికి వెళ్లాడు. పురుగులు నాలుగో జ్వరం లేచి జోరుమీద తింటున్నాయి, ఇల్లంతా వాన. బీడీ పొగకే గుమ్మం దాటనివ్వని ఆ ఇంట్లో, తలుపు దగ్గరగా వేసి, ఒక మూల కూర్చొని సోల్డరింగ్ మొదలుపెట్టాను. రెండు తీగలు అతికించాను, మూడోది సరిగా రాలేదు, మళ్లీ అతికించాను. పొగ సన్నగా పైకి లేస్తోంది. నేను దాన్ని పరధ్యానంగా ఊదేస్తున్నాను. ఎంతసేపయిందో తెలియదు. తల ఎత్తేసరికి ఏదో మారింది. ఏమిటో వెంటనే తట్టలేదు. తర్వాత తెలిసింది.

వాన నిలిచిపోయింది.

లేచి దగ్గరున్న తట్ట చూశాను. పురుగులు తలలు పక్కకు తిప్పి, ఆకు ముట్టకుండా పడి ఉన్నాయి. అంతలో తలుపు తెరుచుకుంది. కడ్డీ లాగి వెనక దాచి, స్టాండు చాటుకు నక్కాను.

అవ్వ లోపలికి వచ్చింది. ఎప్పటిలాగే తట్టల మధ్య తల వంచి నిలబడింది. చిన్నాయన వాకిట్లోనుంచి, "ఎట్లుండాయిమా?" అని అరిచాడు. రెండోసారి ఇంకా గట్టిగా అరిచాడు.

"బాగా తింటాండాయి నాయనా," అంది అవ్వ.

ఒక్క పురుగు కూడా తినడం లేదు.

నేను చాటునుంచి బయటికి వచ్చి, "అవ్వా," అన్నాను. ఆమె తిరగలేదు. ఇంకా దగ్గరికెళ్లి, "అవ్వా, పురుగులు తినడంలేదే," అన్నాను. తిరగలేదు. చెయ్యి పట్టుకున్నాక ఉలిక్కిపడి చూసింది. నా మొహం చూసింది, తట్ట మీదికి వంగి వేళ్లతో పురుగులను తడిమింది, గాలి పీల్చింది. ఆమె ముక్కు మాత్రం చెక్కు చెదరలేదు.

"ఏం కాల్చినావురా?" అంది.

కడ్డీ తీసి చూపించాను. ఆమె పరుగులాంటి నడకతో కిటికీలన్నీ తెరిచింది. పాత ఆకు తీసేయమని, తాజా ఆకు తెమ్మని నాకు సైగలు చేసింది. ఇద్దరం ఒక్క మాట లేకుండా తట్ట తర్వాత తట్ట శుభ్రం చేశాం. పొద్దు వాలేసరికి ఒక మూల నుంచి సన్నగా వాన మొదలైంది. నేను ఆమె మొహం కేసి చూసి తల ఊపాను. అప్పుడు గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది.

"యాడాది అయింది నాయనా," అంది. "ముందు పురుగులు ఇనబడకుండా పోయినాయి. తర్వాత మనుషులు. దినాలు లెక్కబెట్టి, యేళ్లతో తడిమి ఎట్లో నెట్టుకొస్తాండా. మీ సిన్నాయనకు సెప్పొద్దు. సెప్తే రేపే మల్బరీ పీకతాడు."

"నువ్వు నా పొగ సంగతి చెప్పొద్దు," అన్నాను చెవిలో అరుస్తూ. అంత గట్టిగా చెప్పుకున్న రహస్యం మా ఊర్లో ఇంకోటి ఉండదు.

ఆ పంట ఎట్లో గట్టెక్కింది. కానీ నాకు నిద్రలో కూడా అదే ఆలోచన. చెవి మిషన్లంటే మాకు అప్పట్లో పెద్ద ఊర్ల మాట. పైగా అది పెట్టుకుంటే ఊరంతా తెలుస్తుంది. నా దగ్గర ఆంప్లిఫయర్ ఉంది. చిన్న శబ్దాన్ని పెద్దది చెయ్యడమే కదా దాని పని? పాటను పెద్దది చేసేది, పురుగును చెయ్యలేదా?

దానికి మైకు కావాలి. కొత్త పురుగులు తెచ్చేలోగా నాలుగు రోజులు కుప్పం వెళ్లాను. మా వాళ్ల గది రైలు పట్టాల పక్కనే. రైలు వస్తే అమ్మ మాట మధ్యలో ఆపి, పోయాక ఆపిన చోటి నుంచే అందుకొనేది. నాన్న టేప్‌రికార్డరులో ఒక మూల జల్లెడలాంటి చిల్లుల వెనక చింతగింజంత మైకు ఉంటుంది. ఒక రైలు వెళ్తున్న చప్పుడులో దాన్ని విప్పి, ఇంకో రైలు చప్పుడులో బిగించేశాను. ఆ తర్వాత కూడా టేప్‌రికార్డరు పాటలు బాగానే వినిపించింది, తాను వినడం మాత్రం మానేసింది. నాన్న దాన్ని కనిపెట్టడానికి ఆరునెలలు పట్టింది.

ఊరికొచ్చి, మైకును పై తట్ట అంచుకు కట్టి, తీగను గోడ చిల్లులోంచి పక్కనున్న ధాన్యం గదిలోకి లాగాను. అక్కడ మళ్లీ రాగుల కుండ, దానిమీద స్పీకరు. అవ్వ వంగి దానికి చెవి ఆనించవచ్చు. నా పాటల పిచ్చి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

మూడో జ్వరానికి పురుగులు పడుకున్న మర్నాడు, బోర్డుకు కరెంటిచ్చి శబ్దం పూర్తిగా పెంచాను. అవ్వ కుండ దగ్గర కూర్చొని చెవి ఆనించింది. ఆమె మొహం చూస్తుండగానే మారిపోయింది. ముడతలన్నీ ఒక్కసారిగా వేరే దారి పట్టాయి.

"వాన!" అంది. "లేసినాయి నాయనా, తింటాండాయి!" నా తల పట్టుకొని రెండు బుగ్గలూ నిమిరింది. తర్వాత లేచి వాకిట్లోకి వెళ్లి గట్టిగా చెప్పింది, "ఆకు కొయ్యండప్పా!"

చిన్నాయన కోశాడు. తట్టలన్నిటి నిండా వేశాం. మర్నాడూ వానే. మళ్లీ వేశాం. మూడో పూట చిన్నమ్మ ఆకు ఎత్తి చూసి కేక పెట్టింది. వేసిన ఆకు వేసినట్టే వాడిపోయి ఉంది. దాని కింద తేమకు కొన్ని పురుగులు నల్లబడి ఉన్నాయి.

చిన్నాయన అరవలేదు. దానికే నాకు భయం వేసింది. "ఏమైందిమా నీకు?" అన్నాడు మెల్లగా. అవ్వకు అది వినబడలేదు, కానీ అర్థమైంది. "నాలుగో జ్వరం కూడా తప్పిందంటే ఇదే ఆకరి పంట. సెప్తాండా," అని చిన్నమ్మతో అని వెళ్లిపోయాడు.

నేను ధాన్యం గదిలోకి పరుగెత్తాను. కుండలో వాన పడుతూనే ఉంది. సర్ర్ మని, సన్నగా, ఎడతెగకుండా. మైకు తీగ పీకేశాను.

వాన ఆగలేదు.

అది నా పెట్టె బుస. లోపల ఏదీ లేకపోయినా ఆంప్లిఫయర్ తనలో తాను చేసుకునే చప్పుడు. ఊర్లో అందరూ నమ్మిన చెవులు, నన్ను నమ్మి తప్పు చెప్పాయి. ఆమెకు చెప్పకుండా ఉండవచ్చు. ముసలితనం అనుకొని ఊరుకునేది. నేను పెట్టె ఆపేసి, ఆమె పక్కన కూర్చొని, చెవిలో చెప్పాను.

"అవ్వా, నువ్వు విన్నది పురుగులు కాదు. నా పెట్టె."

ఆమె కుండ కేసి చూసింది. "అయితే రెండు దినాలు నేను నీ పెట్టెకు ఆకు ఏస్తాంటినా?"

ఏడుపు వచ్చింది నాకు. ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కొంగుతో నా మొహం తుడిచి, "దానికి ఆకలెక్కువేరా," అంది. తర్వాత నవ్వు మానేసి, "నాలుగో జ్వరానికి ఎన్ని దినాలుండాది?" అని అడిగింది. ఐదు రోజులు ఉంది.

మరునాడు పొద్దున్నే బోర్డు సంచిలో వేసుకొని పుంగనూరు బస్సెక్కాను. రేడియో ఆయన బీడీ చెవిలో దోపుకొని ఏదో విప్పుతున్నాడు.

"పురుగులు ఇనాల," అన్నాను.

"పురుగులు పాటలు ఇంటాయా అప్పా?"

"అవి కాదు. మేం పురుగులను ఇనాల."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. నేను అవ్వ మాట తప్ప మిగతా అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. బోర్డు తీసుకొని, మైకు లేకుండా కరెంటిచ్చి, కళ్లు మూసుకొని ఆ బుస విన్నాడు.

"పాట ఇనాలంటే సద్దు పెంచితే సాలు. ఇట్లాంటిది ఇనాలంటే పెట్టె సద్దు సంపాల," అన్నాడు. "నువ్వు మైకును దూరం నుంచి అరిపిస్తాండావు, అందుకే పెట్టె అరుపే ఎక్కువగా ఉండాది."

బోర్డులో మొదటి ట్రాన్సిస్టర్ పీకి వేరేది వేశాడు. దాన్నీ, దాని చుట్టూ ఉన్న నాలుగు ముక్కలనూ విడిగా ఒక చిన్న పలకమీద అతికించి, పాలపొడి డబ్బాలో పెట్టాడు. డబ్బాను మైకు పక్కనే, తట్ట కింద కట్టమన్నాడు. అక్కడినుంచి, చుట్టూ సన్నటి రాగి జాలీ అల్లిన తీగ వెయ్యమన్నాడు. ఇంటి కరెంటు వద్దు, డబ్బాకు టార్చిలైటు బ్యాటరీలు, పెద్ద బోర్డుకు ట్రాక్టరు బ్యాటరీ పెట్టమన్నాడు. ఎక్కడెక్కడ అతికించాలో నా చేత రెండుసార్లు చెప్పించుకొన్నాడు. నేను బయల్దేరుతుంటే వెనక నుంచి, "ఇనబడితే వచ్చి సెప్పప్పా. నేను ఇంతవరకూ పురుగును రిపేరు సెయ్యలేదు," అన్నాడు.

ఈసారి సోల్డరింగ్ ఊరి చివర రైసుమిల్లులో చేసుకొచ్చాను, ట్రాక్టరు బ్యాటరీ కూడా అక్కడే అడిగి తెచ్చాను.

నాలుగో జ్వరానికి పురుగులు పడుకున్నాయి. మర్నాడు పొద్దెక్కాక అవ్వ కుండ దగ్గర కూర్చుంది. బ్యాటరీ తగిలించాను, శబ్దం పూర్తిగా పెంచాను. ఆమె చెవి ఆనించింది. నేను ఇంకోవైపు నుంచి ఆనించాను.

ఏమీ లేదు. బుస లేదు, గుర్రు లేదు, బావిలోకి తొంగిచూసినట్టు ఉంది.

"సచ్చిపోయిందా నీ పెట్టె?" అంది అవ్వ.

"కాదు. పురుగులు నిద్రపోతున్నాయి," అని చెవిలో చెప్పాను.

ఆమె కళ్లు మూసుకొంది. ఏడాది నుంచి ఆమెకు లోకమంతా నిశ్శబ్దమే, కానీ అది వినబడని నిశ్శబ్దం. ఇది వినబడుతున్నది. తేడా ఆమె మొహంలో తెలుస్తోంది. వాకిట్లో చిన్నమ్మ చెనిక్కాయలు కొడుతోంది. ఉడకేసిన కాయల వాసన వస్తోంది, నాకు ఆకలేస్తోంది, అయినా లేవలేదు. ఆమె కాలు మడత మార్చలేదు.

చిన్నాయన రెండుసార్లు వచ్చి చూశాడు. రెండోసారి, "లేసినాయిమా. నేను సూసినా, తలకాయలు దించినాయి. ఆకు కోస్తా," అని గట్టిగా అన్నాడు.

నేను అవ్వ చెవిలో చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "లేదు. లేవలా."

"నీకేం తెలస్తాది ఆ పాటల కుండ కాడ కూసోని?" అని అతను విసురుగా కొడవలి తీశాడు.

అప్పుడు కుండలో, చిటుక్ మంది.

ఎండిన ఆకు అంచు విరిగినట్టు, ఒక్కటంటే ఒక్క చప్పుడు. అవ్వ వేలు పైకెత్తింది. చాలాసేపు గడిచింది. మళ్లీ చిటుక్. ఇంకో వేలు.

"రెండు లేసినాయి," అంది. "పై తట్టలో. తక్కినవన్నీ పడుకోనుండాయి. పోయి సూడప్పా."

చిన్నాయన కొడవలి పట్టుకొనే పురుగుల ఇంట్లోకి వెళ్లాడు. పై తట్ట దించిన చప్పుడు, అతని ఊపిరి చప్పుడు, అన్నీ మాకు కుండలో వినబడుతున్నాయి. తర్వాత అతని గొంతు, తనలో తాను అనుకొన్నట్టు, స్పీకరులోంచి వచ్చింది: "నా తల్లే... రెండే."

అవ్వ దాన్ని కూడా విన్నది. ఏడాది తర్వాత కొడుకు మెల్లగా అన్న మాట విన్నది.

అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుండను, తీగను, నన్ను, ఆమెను చూశాడు. నేనేదో చెప్పబోయాను. అవ్వ నా తొడమీద చెయ్యి వేసి ఆపింది.

"నా సెవులు పోయినాయప్పా. యాడాది అయింది. ఇది నా మనవడు సేసిన సెవి. మొన్న తప్పు సెప్పింది. ఈ పొద్దు సరిగ్గా సెప్తాండాది. పీకాలనుకుంటే పీకు."

చిన్నాయన కొడవలి గోడకు ఆనించాడు. గొంతుక్కూర్చున్నాడు. నాతో అన్నాడు, "యాడాదా? అయితే మేం మాట్లాడిందంతా ఇనబడకుండానే తలకాయ ఆడిస్తాండెనా?"

చెవిలో అడిగి చెప్పాను. "సగం ఇనబడలా," అంది అవ్వ. "మిగతా సగం మీ టమాటా మాటలేలే."

అతనికి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో మాకు కనబడకుండా తల తిప్పుకొన్నాడు. తర్వాత ఏమీ అనకుండా జరిగి వచ్చి, కుండ మూడోవైపు చెవి పెట్టాడు. ముగ్గురం తలలు తగులుకొని కూర్చున్నాం. చిటుక్. చిటుక్ చిటుక్. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి లెక్కపెట్టడం అవ్వ వేళ్లవల్ల కాలేదు. సన్నగా, మూలల నుంచి, వాన కమ్ముకొచ్చింది. చిన్నప్పటినుంచీ పురుగుల ఇంట్లో తిరిగిన మనిషి, అది వాళ్లమ్మ పనని ఎన్నడూ నిలబడి వినలేదు. నోరు కొంచెం తెరుచుకొని, బడిపిల్లవాడిలా వింటున్నాడు.

"ఇప్పుడు కొయ్యప్పా," అంది అవ్వ.

అతను లేచి కొడవలి తీసుకున్నాడు. నేనూ లేచాను. "నువ్వు కూసోరా," అన్నాడు. ఆ పూట ఆకంతా అతను ఒక్కడే కోసుకొచ్చాడు.

ఆ పంట గొప్పగా పండిందని చెప్పను. మూడో జ్వరంలో నేను చేసిన చేటు ఎక్కడికి పోతుంది? గూళ్లు ఒక మోస్తరుగా వచ్చాయి. కానీ మల్బరీ పీకలేదు. పుంగనూరు ఆయనకు వెళ్లి చెప్పాను. ఆయన సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి, అంతా మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాడు.

ఆ తర్వాత నేను పై చదువులకు మదనపల్లెకు మారిపోయాను. తోట ఇంకో మూడేళ్లు ఉంది. దాన్ని పీకమని చివరికి చెప్పింది అవ్వే. బోరులో నీళ్లు తగ్గాయి, ఆమెకు నడుం వంగిపోయింది. "ఈ పంటతో సాలప్పా, ఇంక నీ టమాటా పెట్టుకో," అంది. చిన్నాయన మాత్రం, "ఇంకో పంట సూద్దాంలేమా," అని బతిమాలాడట.

ఆ చివరి పంటకు నేను సెలవుపెట్టి వెళ్లాను. పురుగులు పండి గూడు కట్టడానికి పోయే రోజు, తిండి ఒక్కసారిగా ఆగదు. పొద్దున జోరుగా ఉన్న వాన మధ్యాహ్నానికి పలచబడుతుంది, తర్వాత అక్కడక్కడా చినుకులు. అవ్వ ఆ రోజంతా కుండ దగ్గరే ఉంది. చిన్నమ్మ అన్నం అక్కడికే తెచ్చిపెట్టింది. చివరి చినుకు పడ్డాక కూడా ఆమె చాలాసేపు చెవి తియ్యలేదు. తర్వాత తానే చెయ్యి చాపి, తడిమి, శబ్దం తగ్గించే మీట పట్టుకొని, మెల్లమెల్లగా చివరికంటా తిప్పింది.